హిదాయతుల్లా చక్రవర్తి నలభై నిమిషాల ఏలుబడి

నెల్లూరు కోటమిట్టలో పుట్టిన షేక్ హిదాయతుల్లా అనే దర్జీ పవిత్ర రోమన్ సామ్రాజ్యాన్ని నలభై నిమిషాల పాటు ఏలాడు. ఐరోపాలో రాజులూ పోపులూ రాయబారులూ నూరేళ్ళు కొట్టుకున్నా తెగని తగువును ఆ నలభై నిమిషాల్లో తెగ్గొట్టి, రోము సంఘాన్నీ లూథరు సంఘాన్నీ ఒక్కటిగా అతికించాడు. ఇది జరిగింది 2021 అక్టోబరు 29, శుక్రవారం సాయంత్రం, దుబాయ్ అల్ కుసైస్‌లో అద్దెకు తీసుకున్న ఒక స్కూలు హాల్లో. సాక్షులు నూట ముప్పై మంది. మాస్కులు పెట్టుకుని, మనిషికీ మనిషికీ మధ్య ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చున్నారు కాబట్టి, ఒకరి చెవిలో ఒకరు ఊదుకుని కల్పించారనడానికి కూడా వీల్లేదు.

ఏలుబడి సంగతి చెప్పేముందు ఆ మనిషి సంగతి చెప్పాలి.

హిదాయతుల్లా ఈ దేశానికి వచ్చింది 1994లో. మొదట అజ్మాన్‌లో యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పదేళ్ళు మిషను తొక్కాడు. ఆ తర్వాత అల్ కుసైస్‌లో, లేబర్ క్యాంపుల వరస మొదలయ్యే చోట, కఫీల్ పేరు మీద, అంటే జామీనుండే ఇక్కడి అరబ్బు పేరు మీద, లైసెన్సు తీసుకుని చిన్న కొట్టు పెట్టుకున్నాడు. కొట్టు ఎంత చిన్నదంటే, చీర మడతపెట్టాలంటే ఒకరు వీధిలో నిలబడాలి. కానీ ఈ దేశంలో ఆకాశానికి నిచ్చెన వేసినట్టుండే మేడలన్నీ హిదాయతుల్లా పొట్టి చేసిన ప్యాంట్లు తొడుక్కున్నవాళ్ళే కట్టారు. ఈ మాట కాదనే మేస్త్రీ అల్ కుసైస్‌లో ఇంతవరకు దొరకలేదు.

అతని పనితనంలో ఒక చిత్రం ఉంది. క్యాంపు జనం తెల్లారకముందే బస్సెక్కుతారు, పొద్దుపోయాక దిగుతారు. కొలతలు ఇవ్వడానికి వచ్చే తీరిక వాళ్ళకి ఉండదు. అందుకని ఫోన్లోనే కొలత. "భాయ్, మీకంటే పొట్ట మూడు వేళ్ళు ఎక్కువ, ఎత్తు జానెడు తక్కువ" అని అవతలివాడు చెప్తే చాలు, హిదాయతుల్లా తన ఒంటికి కొలుచుకుని ఆ తేడా కలిపి కత్తిరిస్తాడు. ఏమీ చెప్పనివాడికి అచ్చం తన కొలతకే కుడతాడు. అలా పదిహేడేళ్ళలో దుబాయ్‌లో సగం మంది హిదాయతుల్లా ఆకారంలోనే తిరిగారు.

కొట్లో రెండు ముక్కాలి పీటలు ఉంటాయి. అవి బేరానికి వచ్చినవాళ్ళ కోసం అనుకుంటే పొరపాటు. గదిలో ఆరుగురుండే చోట ఏసీ ఎంతలో పెట్టాలని తగువు, ఫ్రిజ్‌లో ఎవరి అరలోది ఎవరు తిన్నారని తగువు. ఇద్దరూ వచ్చి చెరో పీట మీద కూర్చుంటారు. హిదాయతుల్లా మిషను ఆపడు, తీర్పూ చెప్పడు. అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "నీ వంతు వచ్చినప్పుడు నువ్వేం జేసినావు?" అవతలివాడు కాసేపు నీళ్ళు నములుతాడు. అంతటితో తగువు ఖలాస్. పోలీసు స్టేషను పెద్ద, ముదీర్‌కి రావాల్సిన కేసులు సగం ఆ పీటల మీదే అరిగిపోయాయని క్యాంపులో చెప్పుకుంటారు.

ఆ ఏడాది అక్టోబరు మొదటి వారంలో మరియకుమారి వచ్చి ఎడమవైపు పీట మీద కూర్చుంది. రెండో పీట ఖాళీ.

మరియకుమారిది ఫిరంగిపురం. ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్ కుటుంబం. దుబాయ్‌లో ఒక ఆస్పత్రిలో వార్డు నర్సు. భర్త ప్రభుదాస్ తెనాలి దగ్గరి లూథరన్, లిఫ్టు మెకానిక్కు. ఒకసారి ఆస్పత్రి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంటే లోపల ఈమె, పైన స్క్రూడ్రైవరుతో అతను. తలుపు తెరుచుకోవడానికి గంటా పది నిమిషాలు పట్టింది. నిజానికి పది నిమిషాల పనేనని, మాటలు బాగున్నాయని మిగతా గంట లాగాడని అతని స్నేహితులు అంటారు. పెళ్ళయి మూడేళ్ళు. ఒళ్ళో ఏడు నెలల పాప, పేరు యూనిస్. పాప జుట్టు నుదురు దాటి కళ్ళలో పడుతోంది. తల్లి ఒక చేత్తో దాన్ని పైకి తోస్తోంది, అది మళ్ళీ పడుతోంది.

"డ్యూటీ బట్టలు, స్క్రబ్స్, నడుము దగ్గర పట్టాలి భాయ్," అని కవరు బల్ల మీద పెట్టింది. పెట్టి లేవలేదు.

హిదాయతుల్లా మిషను తొక్కుతూనే ఉన్నాడు.

"జనవరిలో నాకు పాజిటివ్ వచ్చింది," అంది. "అప్పటికి ఏడో నెల. నేను డ్యూటీ చేసే వార్డులోనే నన్ను పడుకోబెట్టారు. ఆక్సిజన్ ఎనభై ఎనిమిదికి దిగింది. పక్క మంచం ఆమెకి ఆ అంకె చూస్తే ఏమీ అర్థం కాదు, హాయిగా నిద్రపోయింది. నాకు అర్థమవుతుంది కదా. అప్పుడు గుణదల తల్లికి మొక్కుకున్నా. బిడ్డ బతికి బయటపడితే వచ్చే ఫిబ్రవరి పండక్కి కొండకి తీసుకొచ్చి పుట్టెంట్రుకలు ఇస్తానని."

"ఇస్తే మంచిదే గదమ్మా."

"ఆయన వద్దంటన్నాడు."

ప్రభుదాస్ వద్దనడానికి కారణాలు ప్రభుదాస్‌కి ఉన్నాయి. అతని తాత ఊరి సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశి. వాళ్ళ ఇంట్లో మొక్కు అన్న మాట పలికితే ముసలాయన భోజనం ముందు నుంచి లేచిపోయేవాడట. పిల్లలకి మొదటిసారి జుట్టు తీయడం ఉంది, కానీ ఇంట్లో ప్రార్థన చేసి మంగలిని పిలిచి తీయించడమే. తల్లికో పునీతులకో ఇవ్వడం లేదు. అక్టోబరు 30, శనివారం పొద్దున పది గంటలకి వీధి చివర మలయాళీ సెలూన్‌లో పాప జుట్టు తీయిస్తానని బుధవారం ప్రార్థన కూటంలో అందరి ముందూ చెప్పేశాడు. చెప్పాక ఇక వెనక్కి తగ్గే మనిషి కాదు. తీసేస్తే మళ్ళీ వచ్చేది పుట్టెంట్రుకలు కావు, ఉత్త వెంట్రుకలు. కొండకి పట్టుకెళ్ళడానికి ఆమె దగ్గర ఏమీ మిగలదు.

"మీరు ఒక్క మాట చెప్పండి భాయ్. మీ మాటైతే వింటాడు. క్యాంపులో ఫ్రిజ్ గొడవలన్నీ మీరే తీర్చారంట."

అప్పుడు హిదాయతుల్లా మిషను ఆపాడు. ఇది చాలా అరుదు.

"ఫ్రిజ్ వేరు తల్లీ, ఇది వేరు. మీ ప్రార్థనల సంగతిలో నేను నోరు పెడితే, నీకేందిరా సాయిబూ అని రేపు ఎవరన్నా అడిగినారనుకో, ఏం చెప్పను? ఆ పని నేను చెయ్యను. స్క్రబ్స్ రేపటికి ఇస్తా."

ఆమె పాపని ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు హిదాయతుల్లా ఒక జేబు తలకిందులుగా కుట్టాడు. ఇరవై ఏడేళ్ళలో అదే మొదటిసారి.

సరిగ్గా ఆ వారంలోనే ప్రేమరాజు కొట్లోకి వచ్చాడు. ప్రేమరాజు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపరు, తెలుగు లూథరన్ సంఘానికి సెక్రటరీ, పదహారో శతాబ్దానికి సొంత బంధువు. మార్టిన్ లూథర్ గారిని చక్రవర్తి ముందు నిలబెట్టిన వోర్మ్స్ సభకి ఆ ఏడాది ఏప్రిల్‌కి అయిదువందల ఏళ్ళు నిండాయి. ఆ పండగ కోసం ప్రేమరాజు పదిహేనేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. తీరా ఏప్రిల్ వచ్చేసరికి కరోనా మూలంగా హాళ్ళు మూతపడి ఉన్నాయి. ఆ సభ మీద వెయ్యాలనుకున్న నాటకం అక్టోబరు సంస్కరణ పండక్కి వాయిదా పడింది. అయిదువందల ఏళ్ళు ఆగిన వాళ్ళం, ఆర్నెల్లు ఆగలేమా అని కమిటీకి సర్దిచెప్పాడు.

బల్ల మీద ఒక పాత ప్రపంచ పటం పరిచి, దాని మీద చక్రవర్తి బొమ్మ పెట్టాడు.

"ఈయనే భాయ్. చార్లెస్. స్పెయిన్ ఈయనది, జర్మనీ ఈయనది, ఇటలీలో సగం ఈయనది. లూథర్ గారు ఇక్కడ నిలబడి ఉంటే, అదే నెలలో ఈయన ఓడలు లోకం చుట్టి రావడానికి ఇదిగో, ఇక్కడ తూర్పు దీవుల్లో ఉన్నాయి."

"మన వైపు వచ్చినాయా?"

"ఇటు వచ్చింది ఈయన కాదు, పోర్చుగీసు వాళ్ళు. 1507లో ఇక్కడి ఖోర్ ఫక్కాన్ రేవు తగలబెట్టారు."

హిదాయతుల్లా ఖోర్ ఫక్కాన్ వెళ్ళాడు, ఒక శుక్రవారం క్యాంపు వాళ్ళతో బస్సులో. చేపల వేపుడు తిని వచ్చాడు.

"ఎందుకు తగలబెట్టినారు?"

"లొంగలేదని."

"కూర్చోని మాట్లాడుకోలేదా?"

"ఫిరంగులతో మాట్లాడారు భాయ్. ఆ కాలంలో రాయబారం అంటే అదే."

హిదాయతుల్లా పటం వంక చూశాడు. ఇన్ని దేశాల్లో ఎక్కడా రెండు పీటలు లేవన్నమాట అనుకున్నాడు. ఆ తర్వాత అసలు విషయానికి వచ్చాడు.

"ఈయన నాకంటే లావా, సన్నమా?"

చక్రవర్తి వేషం మఫ్రఖ్ క్యాంపులో ఉండే ప్రభుకిరణ్‌ది. అబుదాబి నుంచి కొలతలు ఇవ్వడానికి రావడం అతని వల్ల కాదు, ఫోను చేస్తే సైటులో చప్పుడు తప్ప ఏమీ వినపడదు. కాబట్టి చక్రవర్తి అంగీ అచ్చం హిదాయతుల్లా కొలతకే తయారైంది. ఎర్ర వెల్వెట్టు ఒక హోటలు పాత కర్టెన్లది. అంచుకి పెళ్ళి లెహంగా జరీ. మెడ చుట్టూ రాజులకి ఉండే తెల్ల ఉన్ని కాలరు, బాత్రూమ్ గుమ్మం ముందు వేసే పట్టా కత్తిరించి చేశాడు. కొత్తదే.

లూథర్ వేషం ప్రభుదాస్‌ది. గొంతున్నవాడు, పట్టున్నవాడు, వాక్యం నోటికి వచ్చినవాడు. సన్యాసి నల్ల అంగీ హిదాయతుల్లా దగ్గరుండి కొలిచి కుట్టాడు. కొలుస్తున్నంతసేపూ ప్రభుదాస్ సంభాషణలు వల్లిస్తూనే ఉన్నాడు. శనివారం సెలూన్ సంగతి అతనూ ఎత్తలేదు, హిదాయతుల్లా ఎత్తలేదు.

ఒక్కసారి మాత్రం అడక్కుండానే అన్నాడు: "జుట్టు తీయడం తప్పు కాదు భాయ్. ఎవరికో ఇస్తాననడం తప్పు."

"చెయ్యి పైకెత్తు," అన్నాడు హిదాయతుల్లా.

రిహార్సళ్ళు శుక్రవారాలు మధ్యాహ్నం. హిదాయతుల్లా చేతిమిషను పట్టుకెళ్ళి హాలు మూల కూర్చుని అంచులు మడిచేవాడు. మొదటి అంకం అతనికి పదహారుసార్లు కనబడింది. 1505లో కుర్ర లూథరు పొలాల మీదుగా నడిచి వస్తుంటే ఉరుము ఉరుముతుంది, పిడుగు పక్కనే పడుతుంది. నేల మీద పడి "అన్నమ్మ తల్లీ, కాపాడు! సన్యాసుల్లో కలుస్తాను!" అని మొక్కుకుంటాడు. తండ్రి ఎంత వద్దన్నా వినకుండా మఠంలో చేరిపోతాడు. పదహారుసార్లు ఎందుకంటే, ఏసీ డక్టు రేకు ఊపి ఉరుము చేసే మనిషి ప్రతిసారీ ఆలస్యంగా ఊపేవాడు. లూథరు ముందే భయపడి, ఉరుము తర్వాత ఉరిమేది. చివరి అంకం, అంటే వోర్మ్స్ సభ, మొదలయ్యేసరికి మగ్రిబ్ నమాజు వేళయ్యేది. హిదాయతుల్లా మిషను మూసి లేచిపోయేవాడు. లూథర్ గారికి చక్రవర్తి ముందు ఏమైందో ఈ భూమ్మీద ఎంతోమందికి తెలుసు. హిదాయతుల్లాకి తెలీదు.

నాటకం రోజు మధ్యాహ్నం మూడింటికి మఫ్రఖ్ నుంచి ఫోన్ వచ్చింది. ప్రభుకిరణ్‌కి పాజిటివ్.

హాలు వాళ్ళు రెండు రోజుల లోపు పీసీఆర్ రిపోర్టు ఉంటేనే లోపలికి రానిస్తారు. అప్పటికప్పుడు కొత్త మనిషిని తేవడం కుదరదు. లోపలున్న మగవాళ్ళందరికీ ఏదో ఒక వేషం ఉంది, కొందరికి రెండున్నాయి. ప్రేమరాజు చక్రవర్తి అంగీ పట్టుకుని ఒక్కొక్కరి భుజాల మీదా వేసి చూశాడు. ఒకరికి మోకాళ్ళ దగ్గర ఆగింది, ఇంకొకరికి నేల ఊడ్చింది. చివరికి మూలనున్న మిషను వైపు చూశాడు.

"అది మీకే సరిపోతుంది భాయ్."

"నాకు సరిపోతాది. నేను సరిపోను."

"కూర్చుంటే చాలు. రెండు ప్రశ్నలు, ఒక తీర్పు. కాగితం మీద పెద్దక్షరాలతో రాసిస్తాను. చూసి చదివెయ్యండి."

"ఆ రాజుకి వయసెంత?"

"ఇరవై ఒకటి."

"నాకు యాభై మూడు."

"మాస్కు ఉంటుందిగా," అన్నాడు ప్రేమరాజు.

"ఏం జరగతా ఉండాది ఆడ? అదన్నా చెప్పు."

ప్రేమరాజుని అప్పుడే ఎవరో దీపాల దగ్గరికి పిలిచారు. వెళ్తూ వెళ్తూ అనేశాడు: "ఏముంది భాయ్, తగువు. ఇద్దరు వస్తారు. మీరు పెద్దమనిషి. అడగాలి."

ప్రేమరాజు జీవితంలో చేసిన పొరపాట్లలో ఇంత ఖచ్చితంగా చేసినది ఇంకొకటి లేదు.

ఏడున్నరకి చివరి అంకానికి తెర లేచింది. హిదాయతుల్లా చక్రవర్తి సింహాసనం మీద ఉన్నాడు. ఎడమవైపు నల్ల అంగీలో లూథరు. ప్రేమరాజు పట్టుదల మీద నడినెత్తిన గుండ్రంగా గీయించుకున్నాడు, ఆ శనివారం వెళ్ళబోయే సెలూన్‌లోనే. కుడివైపు ఎర్ర టోపీలో పోపుగారి రాయబారి. ఆ వేషం జోషువాది, గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. మధ్యలో స్టూలు మీద పుస్తకాల దొంతర, పై రెండూ ఎలక్ట్రికల్ మాన్యువళ్ళు. హాల్లో మూడో వరసలో, నడవ పక్కన, మరియకుమారి. ఒళ్ళో యూనిస్, కళ్ళ మీద జుట్టు.

చక్రవర్తి కాగితం ఎత్తాడు. మాస్కులోంచి ఊపిరి పైకి తన్ని కళ్ళద్దాల మీద ఆవిరి కమ్ముకుంది. కాగితం తెల్లగా ఉంది, లోకమంతా తెల్లగా ఉంది. మొదటి ప్రశ్న ఒకటి గుర్తుంది.

"ఈ పుస్తకాలు నీయేనా?"

"నావే, ప్రభూ," అన్నాడు ప్రభుదాస్, హాలు చివరిదాకా వినపడేలా.

తర్వాత ఏమిటో చక్రవర్తికి తెలీదు. తెర పక్క నుంచి ప్రేమరాజు ఏదో ఊదుతున్నాడు గానీ ఏసీ హోరులో చేరడం లేదు. ఇద్దరు మనుషులు ఎదురుగా నిలబడి తన వంక చూస్తున్నారు. ఇలాంటి సమయంలో ఏం చెయ్యాలో హిదాయతుల్లాకి ఇన్నేళ్ళుగా ఒక్క పద్ధతే తెలుసు. కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుని కుడివైపు తిరిగాడు.

"నీ బాధేందో నువ్వు చెప్పు నాయనా."

జోషువాకి ఇది స్క్రిప్టులో ఉందో లేదో తెలీదు. కానీ రాయబారి సంభాషణ ఒక పేజీ ఉంది, అది ఎక్కడో ఒకచోట చెప్పాల్సిందే. చెప్పేశాడు: "మహాప్రభూ! ఇతడు పోపుగారి అధికారాన్ని ధిక్కరించాడు! పుణ్యక్షేత్రాలు వద్దన్నాడు! పునీతులకు మొక్కుబడులు వద్దన్నాడు!"

చక్రవర్తి చాలాసేపు మాట్లాడలేదు. సన్నివేశం బరువు కోసం ఆగాడని వెనక వరసల వాళ్ళు అనుకున్నారు. నిజానికి ఆ మొక్కుబడులు అన్న మాట దగ్గర హిదాయతుల్లా తనలో తాను కొట్టులో ఇచ్చిన మాట గుర్తుచేసుకుంటున్నాడు. ప్రార్థనల సంగతిలో నోరు పెట్టనన్నాడు. నిజమే, దర్జీగా అన్నాడు. ఇప్పుడు వీళ్ళే పిలిచి కిరీటం పెట్టి అడగమన్నారు.

లూథరు వైపు తిరిగాడు.

"మొక్కులు వద్దన్నావా?"

"అన్నాను ప్రభూ. లేఖనంలో లేవు." ఇది ప్రభుదాస్ మాటో లూథర్ మాటో విడదీయడం కష్టం.

"ఉరుము ఉరిమిన దినం నువ్వే గదా మొక్కుకునింది? అన్నమ్మ తల్లికి?"

హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఆ రోజుల్లో దగ్గడం మాటలు కాదు.

"మొక్కుకున్నాను ప్రభూ," అన్నాడు ప్రభుదాస్. అరగంట కిందటే అందరి ముందూ నేల మీద పడి మొక్కుకున్నాడు, కాదనడానికి లేదు.

"మీ నాయన వద్దన్నాడంటనే."

"వద్దన్నాడు."

"మరి ఆ ఒంటి మీద గుడ్డేంది?"

"సన్యాసి అంగీ ప్రభూ."

"నేనే కుట్... సరే. ఎన్నేళ్ళయింది తొడిగి?"

"పదహారేళ్ళు." లెక్క సరిగ్గా చెప్పాడు. తెర పక్కన ప్రేమరాజు నెత్తి పట్టుకుని ఉన్నవాడు కాస్తా, తేదీ తప్పలేదని చెయ్యి దించాడు.

"నడినెత్తి మీద ఆ గుండేంది?"

"సన్యాసులకి తీస్తారు ప్రభూ."

"అంటే మొక్కుకి జుట్టు గూడా ఇచ్చినావు."

ప్రభుదాస్ చెయ్యి నడినెత్తి మీదికి పోయింది.

"నాయన మాట కాదని ఇచ్చినావు. ఉరుము ఒక్కసారే గదా ఉరిమింది. ఇయ్యకపోతే ఏమయ్యేది? ఉరుము మళ్ళీ వచ్చి అడగతాదా?"

"మాటిచ్చాక తప్పకూడదు కదా ప్రభూ," అన్నాడు ప్రభుదాస్. అన్నాక తనే విన్నాడు.

నూట ముప్పై తలకాయలూ మూడో వరస వైపు తిరిగాయి. మరియకుమారి పాప కళ్ళ మీది జుట్టు పైకి తోసి అలాగే పట్టుకుంది. ఆమె ఎవరి వంకా చూడటం లేదు.

"ఆక్సిజన్ ఎనభై ఎనిమిది అంటే," అన్నాడు పవిత్ర రోమన్ చక్రవర్తి, "ఉరుముకంటే తక్కువా?"

చివరికి ప్రేమరాజుని చరిత్రే ఆదుకుంది. లూథర్ గారు మొదటి రోజు జవాబు చెప్పలేదు, ఆలోచించుకోవడానికి ఒక రోజు గడువు అడిగారు. అది స్క్రిప్టులో ఉంది, చరిత్రలోనూ ఉంది. "గడువు! గడువడుగు!" అని తెర వెనక నుంచి ఏసీని మించి అరిచాడు.

"ప్రభూ," అన్నాడు ప్రభుదాస్, గొంతు సగానికి దిగిపోయింది, "ఆలోచించుకోవడానికి ఒక్క రోజు గడువు ఇప్పించండి."

"ఇచ్చినా. రేపు శనివారం. పది గంటలకి యాడికీ పోబాకు."

దీపాలు ఆర్పి వెలిగించారు. మర్నాడైనట్టు లెక్క. నాటకాన్ని మళ్ళీ దారిలో పెట్టడానికి లూథర్ గారి ఆఖరి మాటలు మిగిలి ఉన్నాయి. ప్రభుదాస్ వాటిని మూడు వారాలుగా లిఫ్టు షాఫ్టుల్లో నిలబడి గట్టిగా వల్లించాడు. ముందుకు వచ్చి నిలబడి మొదలుపెట్టాడు.

"నా మనస్సాక్షి దేవుని వాక్యానికి కట్టుబడి ఉంది. మనస్సాక్షికి విరోధంగా నడవడం క్షేమం కాదు, న్యాయమూ కాదు. నేను..."

అక్కడ ఆగాడు. "నేను ఇంతకంటే వేరుగా చెయ్యలేను" అనాలి. జోషువా ఎర్రటోపీ సర్దుకుంటూ లోగొంతుతో అందించాడు కూడా. ప్రభుదాస్ మూడో వరస వంక చూస్తూ నిలబడ్డాడు. నిలబడి, నిలబడి, నల్ల అంగీ చేతులతో ముఖం ఒకసారి తుడుచుకున్నాడు.

"...ఎవరి మనస్సాక్షికైనా," అన్నాడు చిన్నగా. అది స్క్రిప్టులో లేదు.

చక్రవర్తి ఇప్పుడు లూథరుని సంఘద్రోహి అని ప్రకటించి, దేశబహిష్కారం విధించాలి. చక్రవర్తి లేచి నిలబడి, ఉన్ని కాలరు సర్దుకుని, "సరే, ఖలాస్. ఇంక ఇంటికి పోండి," అన్నాడు. సింహాసనం దిగి, అలవాటు కొద్దీ, లూథరు అంగీ భుజం మీద లేచిన దారం ఒకటి తెంపి జేబులో వేసుకున్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. అయిదువందల ఏళ్ళలో లూథర్ గారికి అన్ని చప్పట్లు పడలేదని వెనక వరసల వాళ్ళ మాట. ప్రేమరాజు మాత్రం గ్రీన్ రూములో ఒక మూల కూర్చుని, "బహిష్కారం లేదు. అసలు బహిష్కారమే లేదు," అని చాలాసేపు గొణిగాడు. పాస్టరుగారు వచ్చి, గడువు సంగతి చరిత్రలో నిజంగా ఉందా అని అడిగితే, ఉందని పుస్తకం పేజీతో సహా చూపించాక కొంత తేరుకున్నాడు.

శనివారం పది గంటలకి మలయాళీ సెలూన్‌లో కుర్చీ ఖాళీగా ఉంది. పదిన్నరకి ప్రభుదాస్ ఒక్కడే కొట్టుకి వచ్చాడు. తల మీద క్యాపు. నల్ల అంగీ మడతపెట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. కుడివైపు పీట మీద కూర్చున్నాడు.

"మా తాత ఉంటే భోజనం ముందు నుంచి లేచిపోయేవాడు భాయ్."

"లేచిపోతే ఆకలేస్తాది. మళ్ళీ వచ్చి కూర్చుంటాడు."

ప్రభుదాస్ కాసేపు తలూపాడు. అవునని కాదు, కాదనీ కాదు.

"ఫిబ్రవరి తొమ్మిదికి విజయవాడ టికెట్లు చేశా. నేను ప్రార్థన మాత్రం చెయ్యను. ఆ మాట ఆమెకీ చెప్పా. ఊరికే వెళ్తున్నా."

"ఊరికే పోతే తప్పేముంది."

"పాపకి కొండ మీద ఎండ తగలకుండా టోపీ ఒకటి కావాలి. గుండు తర్వాత వేసేది."

హిదాయతుల్లా బల్లకింద వెతికి తెల్ల నూలుగుడ్డ ఒకటి తీశాడు. పాప తల కొలత అడగలేదు. ఎడమవైపు పీట మీద ఒకసారి చూసిందే.

ఆ తర్వాత అల్ కుసైస్ నుంచి అజ్మాన్ దాకా కథ పాకింది. పాకేకొద్దీ సింహాసనం బంగారమైంది, రోము నుంచి ఎవరో ఉత్తరం రాశారని వచ్చింది, నలభై నిమిషాలు గంటన్నర కూడా అయింది. ప్రేమరాజే ఇప్పుడు దీనికి పెద్ద ప్రచారకుడు. కొత్తగా సంఘంలో చేరినవాళ్ళని కొట్టుకి తీసుకొచ్చి, రెండు సంఘాలను అతికించిన చక్రవర్తి ఈయనేనని చూపిస్తాడు. నిరుడు ఒకతను అది నిజమేనా అని నేరుగా అడిగాడు. హిదాయతుల్లా మిషను ఆపకుండా చెప్పింది ఇది:

"నలభై కాదు సార్, పదకొండు నిమిషాలు. మిగతా టైమంతా తెర ఇరుక్కోని దిగలేదు, నేను ఆడనే నిలబడుకోని ఉండినా. అతికింది గూడా ఏం లేదు. ఆ అమ్మ ఇప్పటికీ ఆర్.సి.ఎం., ఆయన ఇప్పటికీ లూథరనే. కొండెక్కేటప్పుడు పాపని ఆయన ఎత్తుకున్నాడంట, అంతే. ఆమెకి మోకాలు నొప్పి."